మా ఊళ్ళో షుగరంటే ఫ్యాక్టరీ

బోధన్‌లో షుగర్ అంటే ఫ్యాక్టరీ. "మీ బాపు ఎక్కడ పనిజేస్తడు?" అని అడిగితే "షుగర్ల" అంటే చాలు, ఎవరికైనా అర్థమైపోయేది. అందుకే నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు డాక్టరు నాకు షుగర్ వచ్చిందంటే నన్ను కన్న మా అవ్వకు ఓ పట్టాన బుర్రకెక్కలేదు. "షుగర్ల పనిజేసేది వీళ్ళ బాపు గద సారూ, పిల్లకెట్లొస్తది?" అని అడిగింది. చెరకు బండ్ల మధ్య తిరిగే మనిషి నుంచి బిడ్డకు అంటుకుందేమోనని ఆమె భయం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు ఇంటిల్లిపాదీ ఏడ్చాం.

పొద్దునొక సూది, సాయంత్రమొక సూది. తిండి కాస్త ఆలస్యమైతే చేతులు వణికేవి, చెమటలు పట్టేవి, కళ్ళ ముందు అక్షరాలు అలుక్కుపోయేవి. వెంటనే నోట్లో తీపి పడాలి, లేకపోతే పడిపోతాను. బళ్ళో ఈ సంగతి మా తెలుగు టీచర్‌కు ఒక్కామెకే తెలుసు. ఆమె మా చర్చి మనిషే కాబట్టి అవ్వ దాచకుండా చెప్పుకుంది. టీచర్ మా అవ్వ చేతులు పట్టుకుని, "నేనున్న గద అక్కా, పదో తరగతి పరీక్షల బిడ్డకు ఏ తిప్పలు రానియ్య" అంది. నేను నమ్మాను. అవ్వను నమ్మినట్టే నమ్మాను.

పోలియో వచ్చిన పిల్లలకు, చూపు లేని పిల్లలకు వికలాంగుల సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో కొంచెం ఎక్కువ టైమిస్తారని ఆమే చెప్పింది. ఆ కాగితం నాకూ ఉంటే మధ్యలో తిననిస్తారని ఆశ. నిజామాబాద్‌లో క్యాంపు పెడితే బస్సెక్కించి తీసుకుపోయింది కూడా ఆమే. బల్ల వెనక కూర్చున్న సారు నన్ను నడవమన్నాడు, చేతులెత్తమన్నాడు, గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. అన్నీ చేశాను.

"మరి ఏం తక్కువైంది ఈ పిల్లకు?"

"షుగర్ సార్," అంది టీచర్.

"బోధనోళ్ళా? బోధన్‌ల షుగర్ లేంది ఎవరికమ్మా?"

లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. టీచర్ కూడా నవ్వింది. ఇది రోగం సార్ అని ఒక్క మాట గట్టిగా అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాలో చెయ్యో పోతేనే వీళ్ళు నమ్ముతారట, లోపల పాడైంది లెక్కలోకి రాదట! తిరుగు బస్సులో ఆమె నా భుజం తట్టి, "ఏం గాదు బిడ్డా, మన బడే సెంటర్. బిస్కెట్లు జేబుల పెట్టుకొని కూసో. నేను సూస్కుంట" అంది. మళ్ళీ నమ్మాను చూడండి.

లెక్కల పరీక్ష సగంలో ఉండగానే చేతులు వణకడం మొదలైంది. బిస్కెట్ పొట్లం విప్పానో లేదో, తనిఖీకి వచ్చిన సారు పట్టుకుని లోపల చిట్టీలున్నాయేమోనని వెతికాడు.

"బీమారి సార్, తినాలె. మా టీచర్‌కు ఎరుకే," అన్నాను.

ఆమె వరండాలోనే ఉంది. ఆయన లోపలికి పిలిచి అడిగాడు, "ఈ పిల్లకు ఏమన్న బీమారి ఉన్నదా?"

ఆమె నన్ను చూసింది. నా ముఖాన కారుతున్న చెమట చూసింది.

"నాకు ఎరుకలేదు సార్. సర్టిఫికెట్ అయితే లేదు."

ఆయన పొట్లం తీసుకుపోయాడు. నేను మళ్ళీ లెక్క మొదలుపెట్టాను. చేతిలోంచి పెన్ను జారిపోవడం వరకే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి సర్కారు దవాఖానాలో ఉన్నాను, చేతికి గ్లూకోజు పెట్టి ఉంది. పరీక్ష అయిపోయింది. దాంతోపాటు నా ఏడాదీ పోయింది. అవ్వ మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. సాయంత్రం టీచర్ మోసంబీలు పట్టుకుని వచ్చింది. "బిస్కెట్లు నేనే పెట్టుకొమ్మన్ననంటే నౌకరి మీదికొస్తదని భయమైంది అక్కా," అని అవ్వతో అంది. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, వార్డంతా వినేట్టు ప్రార్థన అందుకుంది.

"తండ్రీ, ఈ బిడ్డకున్న షుగర్ బీమారి నీకు ఎరుకే..."

నా తల మీది చెయ్యి తీసి పక్కన పెట్టాను.

"దేవునికి ఎరుకే టీచర్," అన్నాను. "సార్‌కు జెప్పేదుండె."