పేరులేని బటన్లు

అక్కాతమ్ముళ్లు అద్దెకున్న గది ఖాళీ చెయ్యమంటూ, అక్క ఇంట్లో లేనప్పుడు ఇంటి ఓనరు తాగి వచ్చి, తలుపు తన్ని, చూపులేని తమ్ముణ్ణి గోడకేసి కొట్టాడు. తమ్ముడు నెత్తురు కారుతున్న చేత్తో ఫోన్‌లో పోలీసు సాయం పేజీ తెరిచాడు. ఫోన్ పైకి చదివింది: బటన్, బటన్, బటన్. ఏది దేనికో చెప్పలేదు. తడుముకుంటూ నొక్కుతుండగానే ఓనరు గుద్దుకు ముందుపళ్లు ఊడిపోయాయి.

మందుల కాగితాలు అనువదించి బతికే అక్క మర్నాడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, ఆ పేజీని చూపులేనివాళ్లు వాడగలరో లేదో పరీక్షించిన ఉద్యోగి దగ్గరికెళ్లి కాలర్ పట్టుకుంది.

“పేరులేని బటన్లకి పాస్ ఎలా వేశావురా? కళ్లు లేవా?”

“కళ్లు లేనిది నాకక్కా, వాణ్ణి వదులు,” అన్నాడు తమ్ముడు, కట్టు కట్టిన మూతితో.

ఉద్యోగి తెర చూపించాడు. పరీక్ష నియమాలు పరాయి భాషలో, పరీక్ష నడిపే ప్రోగ్రాం కోడ్ మధ్య ముక్కలుగా ఇరుక్కుని ఉన్నాయి. ఒక్క మాట మార్చినా పరీక్ష ఆగిపోతుంది కాబట్టి ఎవరూ అనువదించలేదు. అర్థంకాని చోటల్లా అతను పాస్ నొక్కేవాడు.

అక్క లాగి చెంప మీద కొట్టింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఈ మాటలన్నీ కోడ్‌లోంచి తీసి వేరే ఫైల్లో పెట్టు. నేను తెలుగులో రాస్తాను.”

“మా సార్ తంతాడండీ.”

“ఇప్పుడే ఒకటి తిన్నావుగా, ఇంకోటి తిను.”

సాయంత్రానికి మొదటి నియమం అర్థమయ్యే మాటల్లోకి వచ్చింది: ప్రతి బటన్‌కూ అది చేసే పని తెలిపే పేరు ఉండాలి. ఉద్యోగి అది చదివి, ఆ పేజీకి ఫెయిల్ వేసి, బటన్లకు పేర్లు పెట్టించాడు.

ఆ వారమే ఓనరు మళ్లీ తలుపు తన్నాడు. తమ్ముడు తెర మీద వేలు జరిపాడు. “పోలీసును పిలువు,” అంది ఫోన్. అతను నొక్కి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.