తుమ్ముకు ఆగిన ఆటో

మొన్న వనపర్తిలో మనవరాలు పరీక్షకు బయలుదేరుతుంటే గడపలో నిలబడ్డ నాకు తుమ్ము వచ్చింది. నా గుండె గుభేలుమంది గానీ, ఆ పిల్ల "ముక్కుల మందు కొట్టుకున్నవా నానమ్మా?" అంటూనే స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది.

మన ఈడువాళ్లకు ఒంటి తుమ్ము సంగతి వేరే చెప్పాలా? గట్టు మండలంలోని మా పల్లెలో దుమ్ము లేచినా, పొట్టు ఎగిరినా ముక్కు కారి తుమ్మే నన్ను, నాయన ఎద్దులు తోలుకుని పెబ్బేరు సంతకు బయలుదేరే పొద్దుల్లో అమ్మ ముందుగానే పెరట్లోకి పంపేసేది.

పెళ్లయ్యాక, ఒక ఏడు వేరుశనగ పీకే రోజుల్లో పుట్టింటికి పోయినప్పుడు, నాయనకు ఛాతీ నొప్పి వచ్చింది. గద్వాల దవాఖానకు తీసుకుపోదామని ఆటోలో కూర్చోబెట్టారు, సరిగ్గా అప్పుడే తుమ్మాను, ఒక్కటే తుమ్ము. అమ్మ ఆటో ఆపించి, నీళ్లు తెచ్చి, "జర ఆగి పోదాం" అంది. రెండోది వస్తే దోషం పోతుందంటారు కదా, రోజూ పొద్దున లేస్తూనే ఆపకుండా తుమ్మే నేను ఆవేళ ఏడుస్తూ ముక్కులో గడ్డిపోచ పెట్టి పొడుచుకున్నాను. రక్తం వచ్చింది గానీ తుమ్ము రాలేదు. నాయన దారిలోనే పోయాడు.

ఊరంతా నా ముక్కునే తిట్టింది. మాత్రలతో తుమ్ములు తగ్గాయి గానీ భయం తగ్గలేదు. ఎవరు చెప్పులు తొడిగినా ఊపిరి బిగబట్టేదాన్ని, పెళ్లిళ్లకు పోవడం మానేశాను, ఎందుకీ బతుకు అనుకున్న రోజులు చాలా ఉన్నాయి. చివరికి నాగర్‌కర్నూల్‌లో ఒక ముక్కు డాక్టరు మందు రాస్తూ రాస్తూ నిద్ర పడుతుందా అని అడిగాడు, నేను భోరుమన్నాను. మందు మానొద్దని చెప్పి, మనసులో బాధ వినడానికి పక్క గదిలో కూర్చునే ఒకావిడ దగ్గరకు పంపాడు. ఎన్నో వారాలు ఆవిడ ముందు ఏడ్చాక, ఒకనాడు మెల్లగా అడిగింది: "తుమ్మింది నువ్వేనమ్మా. ఆటో ఆపింది ఎవరు?"

ఆనాటి నుంచి నాకు నిద్ర పట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇప్పుడు తుమ్ముకు ఎవరూ ఆగడం లేదు, బాధ చెప్పుకోవడానికి ఒక గది కూడా ఉంది. అమ్మ మాత్రం ఆ ఆటో మాట ఎన్నడూ ఎత్తకుండానే, ఎవరు ఊరికి బయలుదేరినా నీళ్ల గ్లాసు ముట్టకుండానే కన్నుమూసింది. ఆమె ముక్కు బాగానే ఉండేది, అందుకని ఏ డాక్టరూ ఆమెను ఆ గదిలోకి పంపలేదు.