ఆకు అచ్చు చూపిన జుగ్రాఫియా సారు

పోయిన మంగళవారం ఎల్లారెడ్డి బస్సు దిగిన ఒక రైతు మా బడి ముందర నన్ను చూసి ఆగాడు. "మీ జుగ్రాఫియా సారు పోయిండు సారూ. మూడొద్దులు జ్వరమొచ్చింది, అంతే," అన్నాడు. ఆ పూట నేను పిల్లలకు లెక్కలు చెప్పలేకపోయాను.

కామారెడ్డి బడిలో ఆయనా నేనూ ఆరేళ్లు పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పాం. పుస్తకాలు ఉర్దూలో ఉండేవి కనుక భూగోళాన్ని అందరూ జుగ్రాఫియా అనేవారు. చివరికి ఆయన పేరూ అదే అయిపోయింది. ఆయనకో అలవాటుండేది. తాను కళ్లారా చూసినదానికి 'ఉన్నది' అనేవారు, చదివినదానికి 'ఉన్నదట' అనేవారు. ఆ రెంటినీ ఎన్నడూ కలపలేదు.

ఒక వేసవి సెలవుల్లో బొగ్గు గనుల వైపు బంధువుల ఊరికి వెళ్లి, బూడిదరంగు పలకరాయి ఒకటి తెచ్చి, బడి తెరిచిన రోజు నాకు చూపారు. దాని మీద నాలుక ఆకారంలో ఆకు అచ్చు. నడిమి ఈనె, దాని పక్కన వలలా అల్లుకున్న సన్న ఈనెలు స్పష్టంగా కనబడుతున్నాయి.

"గిసొంటి ఆకే ఆఫ్రికాల ఉన్నదట, ఆస్ట్రేలియాల ఉన్నదట. నడుమ గంత సముద్రం. ఎట్ల దాటింది?" అని అడిగారు.

"గింజలు గాలికి కొట్టుకపోయినయేమో," అన్నాను.

"గంత దూరం పోతయా? ఒకప్పుడు గా నేలలన్ని ఒక్కటే ఉండెనట, తర్వాత ఇడిపోయినయట. ఆ పాత నేలకు పెట్టిన పేరు ఎరుకనా? గోండ్వానా. మన గోండుల పేరే."

నేను నవ్వాను. ఆయన నొచ్చుకోలేదు.

మరునాడు వాళ్ల తరగతిలో సందడి విని తలుపు దాకా వెళ్లాను. పిల్లలు కూర్చునే చారల జంఖానా ఎప్పుడో రెండుగా చినిగింది. ఆ ముక్కలను ఆయన నేల మీద పక్కపక్కన పరిచి చూపిస్తున్నారు.

"అంచులు కలిస్తే సాలదు. గీతలు గూడ కలవాలె. ఆఫ్రికా అంచు, దక్షిణ అమెరికా అంచు కలుస్తయి, నక్షల మీరే చూసిన్రు. ఆ రెండు దిక్కుల రాళ్ల వరసలు గూడ కలుస్తున్నయట. అయితే ఇది ఇంక తేలలేదు. గంత నేలను ఏది జరిపింది? నాకు తెల్వదు."

తరగతి ముందు నిలబడి 'తెల్వదు' అన్న పంతులును నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ వారమే తనిఖీకి అధికారి వచ్చాడు. నల్లబల్ల మీద ఖండాలన్నీ కలిపి గీసిన బొమ్మ చూసి, ఇది ఏ పుస్తకంలో ఉందని అడిగాడు. మన పుస్తకంలో లేదన్నారు సారు. పిల్లలకు అబద్ధం నేర్పానని రాసిమ్మన్నాడు అధికారి.

"కితాబుల లేదని రాస్త హుజూర్. ఇంక తేలలేదని పిల్లలకు చెప్పిన, అది గూడ రాస్త. అబద్ధమని మాత్రం రాయలేను. అబద్ధమో కాదో నాకు తెల్వదు."

పక్క గది నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు తిరిగాడు అధికారి. తేలలేదని ఈయన చెప్పడం నువ్వు విన్నావా అని అడిగాడు. విన్నానంటే సరిపోయేది. నేను నేల చూస్తూ వినలేదన్నాను. పది రోజుల్లో సారును ఎల్లారెడ్డికి, చిన్న తరగతులు చెప్పడానికి బదిలీ చేశారు.

ఏడాది దాకా నాకు ముఖం చెల్లలేదు. చివరికి ఎల్లారెడ్డిలో ఆయన ఇంటికి వెళ్లాను. చాయ గ్లాసు చేతికిస్తుంటే చెప్పేశాను. "ఆ రోజు నేను విన్న సారూ. అబద్ధం చెప్పిన."

"ఎరుకే. తలుపు కాడ మీ నీడ కనబడ్డది," అన్నారు. "నలుగురు పిల్లలున్నోరు, భయం గాకేమైతది. ఇయ్యాల నడిచొచ్చి చెప్పిన్రు గద," అని పలకరాయి తెచ్చి నా చేతిలో పెట్టారు. "గిది పెద్ద పిల్లలు చూడాలె. తీస్కపోండ్రి."

ఆ రాయి ఇప్పుడు నా తరగతిలో ఉంది. ఏటా చూపిస్తాను. నాకు తెలియనిది తెలియదనే చెబుతాను.

రాయి ఇచ్చిన ఆ సాయంత్రం నన్ను బస్సెక్కించి ఆయన వెనుదిరిగారు. దారి పక్కన కంకర కొడుతున్న ఆడవాళ్ల దగ్గర ఆగి, గొడుగు చంకన పెట్టుకుని ఏదో అడిగారు. ఒకామె సుత్తి కింద పెట్టి, పగిలిన రాయిని రెండు చేతులతో ఎత్తి వెలుతురుకు పట్టింది. ఇద్దరూ దాని మీదికి వంగారు. బస్సు కదిలింది. దుమ్ము కమ్మేదాకా నాకు ఆ రెండు తలలూ కనిపిస్తూనే ఉన్నాయి.