ఓమెరు అంటే ఒక గ్లాసు కాదు

వానలు ఎగ్గొట్టిన ఏడాది బోధన్‌లోని మా ఆడపిల్లల హాస్టల్‌లో తిండి తగ్గించారు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మొదట పొద్దుటి జొన్న గట్క పోయింది. తర్వాత రాత్రి అన్నంలో ఒక గరిటె పోయింది. క్రిస్మస్ దగ్గర పడేసరికి మనిషికి రోజు మొత్తానికి ఒక టీ గ్లాసు బియ్యం అని తేల్చారు. గోడ అవతల చెరుకు బండ్లు ఫ్యాక్టరీ దాకా బారులు తీరేవి. గాలి నిండా పాకం వాసన. మేము కడుపునిండా నీళ్లు తాగి పడుకునేవాళ్లం.

ఆకలి నాకు కొత్త కాదు. నాకు మండింది వార్డెనమ్మ చెప్పిన కారణానికి. సాయంత్రం ప్రార్థనలో ఆమె ఆ టీ గ్లాసునే ఎత్తి చూపించింది.

"ఎడారిలో దేవుడు తన ప్రజలకు మనిషికి రోజుకొక ఓమెరు ఆహారం ఇచ్చాడు. ఓమెరు అంటే ఇంతే. వాళ్లకు సరిపోయింది, మీకెందుకు సరిపోదు?"

అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు.

బడి గ్రంథాలయంలో లేఖనాల్లోని మాటలకు అర్థాలు చెప్పే పాత నిఘంటువు ఒకటి ఉండేది. దాని చివర్లో కొలతల పట్టిక దొరికింది. పది ఓమెరులు ఒక ఏఫా. ఒక ఓమెరు అంటే నలభై మూడు కోడిగుడ్లు, పైన ఇంకాస్త, ఎంత చోటు పడతాయో అంత అని యూదుల పెద్దలు లెక్క కట్టారట. ఆ వాక్యాన్ని కాగితం మీద రాసుకుని వంటింటికి పరుగెత్తాను.

వంట చేసే మనిషిని పిల్లలందరం పెద్దమ్మ అనేవాళ్లం. ఆమెకు చదువు రాదు. నేను చెప్పిందంతా విని, పొయ్యిలో కట్టె ఎగదోసి అడిగింది.

"నలభై మూడు గుడ్లు యాడికెల్లి తెస్తవే?"

"అన్ని వద్దు పెద్దమ్మా. ఆరుంటే సాలు."

మర్నాడు తన ఇంటి కోళ్లు పెట్టిన ఆరు గుడ్లు కొంగున కట్టుకొచ్చింది. తాంబాళంలో గిన్నె పెట్టి అంచుదాకా నీళ్లు పోశాం. గుడ్లు ఒక్కొక్కటే లోపలికి జార్చాం. పొర్లిన నీళ్లను పాలు కొలిచే పావు లీటరు డబ్బాలోకి వంచితే సరిగ్గా నిండింది. ఆరు గుడ్లకు పావు లీటరు. ఆరేడుల నలభై రెండు. అంటే ఏడు పావులు, మిగిలిన గుడ్డుకు ఇంకొంచెం. నాటు గుడ్లు చిన్నవి కాబట్టి మా లెక్క తక్కువే తప్ప ఎక్కువ కాదు.

ఏడు పావుల బియ్యం, పైన రెండు గుప్పిళ్లు కుండలో పోసి, టీ గ్లాసుతో తిరిగి కొలిచాం. పన్నెండు గ్లాసులు వచ్చాయి.

పెద్దమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. "గా దేవుడు పన్నెండిస్తే గీమె ఒకటి ఇస్తున్నదా!" అంది. ఆ వెంటనే, "నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అని అడిగింది.

"నేనే చెప్త."

"నా పేరు గూడ చెప్పు. గుడ్లు నావి."

ఆ ఆదివారం నిజామాబాద్ నుంచి హాస్టల్ నడిపే కమిటీ అమ్మలు ముగ్గురు చూడటానికి వచ్చారు. వార్డెనమ్మ వాళ్ల ముందు మళ్లీ గ్లాసు ఎత్తింది. నేను లేచి నిలబడ్డాను.

"ఓమెరు అంటే గ్లాసు కాదమ్మగారూ."

పెద్దమ్మ కుండ తెచ్చి చాప మీద పెట్టింది. నేను ఒక్కో గ్లాసు ముంచి గుడ్డ మీద పోస్తూ పైకి లెక్కపెట్టాను. ఐదు దాటాక చిన్న పిల్లలు కూడా నాతో గొంతు కలిపారు. పన్నెండు అన్నప్పుడు గది మారుమోగింది.

వార్డెనమ్మ ముఖం ఎర్రబడింది. "దేవుని మాటను వంటింట్లో కొలుస్తావా?"

"తినేది వంటింట్ల వండిందే గదమ్మా."

కమిటీలో పెద్దావిడ నా కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. "ఈ లెక్క ఎవరు చేశారు?" అని అడిగింది.

"మేమిద్దరం" అంది పెద్దమ్మ, నాకంటే ముందే.

మర్నాటి నుంచి మనిషికి మూడు గ్లాసులయ్యాయి. గట్క తిరిగి వచ్చింది. పన్నెండు ఎవరూ అడగలేదు. అరవై మందికి కట్టెల పొయ్యి మీద వండే మనిషి ఇంకొకరు దొరకరు కాబట్టి పెద్దమ్మ జోలికి ఎవరూ పోలేదు. నాకు మాత్రం క్షమాపణ రాసివ్వమని, లేకపోతే పెట్టె సర్దుకోమని చెప్పారు. బాపుకు కబురు పోయింది.

బాపు ఫ్యాక్టరీలో చెరుకు దించి, భుజాన చర్నాకోలతో అలాగే వచ్చాడు. వార్డెనమ్మ చెప్పేదంతా నిలబడి విని నా వైపు తిరిగాడు.

"లెక్క తప్పు జేసినవా బిడ్డా?"

"లేదు బాపు."

"మరేం రాస్తవ్?" అని వార్డెనమ్మకు దండం పెట్టాడు. "తప్పు చెయ్యంది మాఫీ ఎట్ల అడుగుతదమ్మా? తోల్కపోత."

నా రేకు పెట్టెను ఖాళీ బండిలో వేశాడు. హాస్టల్ పోయింది గానీ బడి పోలేదు. మర్నాడు తెల్లవారుతుండగానే జొన్నరొట్టె మూట కట్టుకుని ఊరి నుంచి ఐదు మైళ్లు నడిచి వచ్చాను. బడికి, హాస్టల్‌కు ఉన్న ఒకే గేటు దగ్గర వార్డెనమ్మ ఎదురైంది. ఇక రాననుకుందేమో, నన్ను చూసి ఆగిపోయింది.

"వందనాలమ్మా" అన్నాను, తల వంచకుండా. మొదటి గంట కొట్టకముందే వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను.