మా ఓనరు గారి కుక్క పిలిస్తే రాదు

మా ఇంటి ఓనరు గారు పోయారు. ఊరి నుంచి తిరిగొచ్చి కె.ఆర్.పురం స్టేషన్లో రైలు దిగుతుంటే ఎదురింటి తాత ఫోన్ చేసి చెప్పాడు. "పెద్దాయన పొద్దున్నే పోయినాడప్పా. గుండె. నువ్వు బేగ రా." బ్యాగు భుజాన వేసుకుని పరుగున ఇంటికి చేరితే, ఓనరమ్మ నన్ను చూసి అన్న మొదటి మాట ఇది: "జిమ్మీ గేటు దాటి పోయిందప్పా. పట్టుకురా."

మనిషిని చివరిసారి తనివితీరా చూసుకునే భాగ్యం కూడా లేకపోయింది. బిస్కెట్ పొట్లం పట్టుకుని "జిమ్మీ, జిమ్మీ" అని సందుల్లో అరుస్తూ తిరిగాను. అది కొబ్బరి బొండాల బండి పక్కన పడుకుని నన్ను చూసింది. చూసి, తల అటు తిప్పుకుంది. దగ్గరికి వెళితే లేచి ఇంకో బండి పక్కకు మారింది. చివరికి దుప్పటి వేసి పట్టి, ఎత్తుకొచ్చాను. పోయినాయన మీద దుఃఖం, ఆ కుక్క మీద కోపం రెండూ ఒక్కసారే వచ్చాయంటే నమ్మండి.

మేం ఆయన ఇంట్లో పై పోర్షన్లో అద్దెకుంటున్నాం. ఆయనది తాతల నాటి నుంచీ బెంగళూరే. నగర్తపేటలో బొత్తాల హోల్‌సేల్ కొట్టు నడిపి, కాళ్ల నొప్పులొచ్చాక మానేశారు. మేం చేరిన కొత్తలో నాకు జ్వరమొస్తే రాగి గంజి తెచ్చి, తాగేదాకా కుర్చీలోంచి కదల్లేదు. రోజూ నా బండి టైరు బొటనవేలితో నొక్కి చూసేవారు. గాలి తక్కువైతే తనే తోసుకెళ్లి కొట్టించుకొచ్చేవారు. వద్దంటే వినే మనిషి కాదు. "సుమ్మనే ఊరికుండప్పా, నాకేం పనుండాది?" అనేవారు. అలాంటి మనిషి ఇంకొకరు దొరకరు నాకు.

కానీ ఆ కుక్క! అయ్యో రామా, ఆ కుక్క విషయంలో మాత్రం ఆయనతో నేను పడని పాట్లు లేవు. ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునేవాణ్ని. నేను మీటింగులో నోరు తెరిచే వేళకి కింది నుంచి ఓనరమ్మ గొంతు లేచేది: "జిమ్మీ! ఓ జిమ్మీ!" నా మీటింగుల్లో అవతలి వాళ్లందరికీ ఆ పేరు కంఠతా వచ్చేసింది. మా మేనేజరైతే నన్ను పలకరించకముందే జిమ్మీ ఎలా ఉందని అడిగేవాడు. జిమ్మీకేం, దివ్యంగా ఉంది. అరుగు మీద పడుకుని, ఎంత అరిచినా చెవి కూడా కదిపేది కాదు.

ఉండబట్టలేక ఒకరోజు ఆయనకు పాఠం చెప్పాను. "అంకుల్, కుక్కను స్నానానికీ సూదికీ మాత్రమే పిలిస్తే అది ఎందుకొస్తుంది? ఆలస్యంగా వచ్చినా తిట్టకూడదు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి పెట్టాలి." ఆయన శ్రద్ధగా విని, "పిలిస్తే వచ్చేదానికి ఈ ఊర్లో ఆటో గూడ రాదప్పా. కుక్క వస్తాదా?" అన్నారు. పిలిస్తే ఎందుకు రాదని ఇంకోసారి అడిగితే, "దానికి చెవులుండాయి. తీరికే లేదు" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆయన మాత్రం భుజాలు ఊగేలా నవ్వేవారు. ఎందుకు నవ్వుతున్నారో ఒక్క ముక్క చెప్పేవారు కాదు.

ఆయన పోయిన మూడో రోజు వాళ్లమ్మాయి తల్లిని తనతో ఎలక్ట్రానిక్ సిటీకి తీసుకెళతానంది. మంచి పిల్ల, న్యాయమైన మాటే. కుక్క దగ్గరే పేచీ వచ్చింది. "అమ్మకి మోకాళ్లు అసలు బాగాలేవన్నా. చైన్ పట్టుకుంటే అది లాగి పడేస్తాది. పిలిస్తే వచ్చే కుక్కయితే నేనే తీసుకుపోతా. రాకుంటే ఏదో ఒకరోజు బండి కింద పడతాది. హొసకోట దగ్గర మా మామ తోట ఉండాది, ఆడ వదిలేస్తాం" అంది. ఆ అమ్మాయి లోపలికెళ్లాక ఓనరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆయన చేత్తో పెంచిందప్పా. ఇదీ పోతే నాకేం మిగులుతాది? ఎట్లన్నా చేసి దానికి నేర్పించు."

సరే, నా ఖర్మ అనుకుని నడుం కట్టాను. ఫోన్లో వీడియోలు చూశాను. కోడి ముక్కలు ఉడికించాను. గేటు మూసి, వాకిట్లో నిలబడి, పెళ్లి పిలుపులకు వెళ్లినంత మర్యాదగా పిలిచాను. అది కదల్లేదు. ముక్క నేనే దాని దగ్గరికి తీసుకెళితే మాత్రం ఒద్దిగ్గా తినేది. అంటే దగ్గరికి వెళ్లే బుద్ధి దానికి కాదు, నాకే అలవాటైందన్నమాట!

విసిగి వేసారి ఎదురింటి తాతను అడిగాను, ఈ కుక్కకి చెవుడా అని. ఓనరు గారికి ఆయన చిన్ననాటి నేస్తం. అన్ని రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

"జిమ్మీ అంటే అది ఎందుకొస్తాదప్పా? ఆయమ్మ పిలుపు దానికి కాదు గదా. వాళ్లాయనకి."

సంగతి ఇదీ. ఓనరమ్మ భర్త పేరు నోటితో పలకదు. ఏమండీ అని పిలవడానికీ సిగ్గే. కుక్క ఇంటికొచ్చిన నాటి నుంచి దాని పేరు అడ్డం పెట్టుకుని మొగుణ్ని పిలిచేది. "జిమ్మీ, అన్నం ఆరిపోతాండాది." "జిమ్మీ, మాత్ర ఏసుకోలేదు." ఎదురింటి అరుగు మీద కబుర్లాడుతున్న ఆయన ఆ మాట వినగానే లేచి, పంచె దులుపుకుని ఇంటికెళ్లేవారు. ఆ పేరు వినపడితే లేవాల్సింది ఆయన, తాను హాయిగా పడుకోవచ్చు అని కుక్క నేర్చుకుంది. దాని తప్పేముంది చెప్పండి! ఈ ఇద్దరి సరసానికి నా మీటింగులన్నీ బలైపోయాయి.

"మరి దాన్ని ఏమని పిలవాలి తాతా?"

తాత మా గేటు దగ్గరికొచ్చి, పోయిన నేస్తాన్ని పేరు పెట్టి కేకేశాడు. జిమ్మీ బాణంలా దూసుకొచ్చింది. రోజూ తెల్లారి, నేనింకా నిద్రపోతుండగా, తాత అలాగే నేస్తాన్ని పిలిచేవాడట. ముగ్గురూ టీ అంగడికి పోయేవాళ్లట. అక్కడ దానికి బన్ను. తాత దాని తల నిమురుతూ కళ్లు తుడుచుకున్నాడు.

నేను ఎగిరి గంతేసి ఓనరమ్మకు చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది. "థూ, ఏం మాటప్పా అది! నా నోట ఆ పేరు రాదు."

"ఆంటీ, మీరు పిలవకపోతే కుక్క తోటకి పోతుంది."

"పలకగూడదప్పా. పలికితే మొగుడి ఆయుస్సు తగ్గుతాదని మాయమ్మ..." అని ఆగిపోయింది. మోకాళ్లు పట్టుకుని తనే లేచింది. "ఇంక తగ్గేదానికేముండాది లే."

గేటు తీసి ఉంది. జిమ్మీ అప్పటికే మళ్లీ జారుకుని వీధికి అవతల, ఆగి ఉన్న కారు కింద పడుకుంది. కూతురు వెనక నిలబడి చూస్తోంది. ఓనరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. పక్కనే ఉన్న నాకే వినపడలేదు. కొంగు తీసేసి, గొంతు విప్పి పిలిచింది. ఇన్నేళ్లు ఆమె దాచుకున్న ఆ పేరు నేనిక్కడ రాయను. కుక్క ఒక్క ఉదుటున లేచి, వీధి దాటి, ఆమె కాళ్లకు చుట్టుకుంది.

ఆమె మెట్టు మీద కూలబడి దాన్ని దగ్గరికి లాక్కుంది. "ఒక్క పిలుపుకే వచ్చె సూడప్పా" అంది.

కూతురు వెళ్లి గేటు వేసింది. జిమ్మీ ఓనరమ్మ ఒళ్లో తల పెట్టుకుంది. ఇంక పిలవాల్సిన పనేమీ లేదు. ఆమె మళ్లీ ఆ పేరే పిలిచింది, ఈసారి మెల్లగా.