చేపల గంపలో ఓటు చీటీలు

మా ఎదురింటి అప్ప పోయిందని మంగళవారం పొద్దున్నే వాళ్ళ కోడలు వచ్చి చెప్పింది. నేను తులసికి నీళ్ళు పోస్తున్నాను. "పిన్నీ, అత్త లెగలేదు" అంది. చెంబు అక్కడే పెట్టేసి వీధి దాటాను. మల్కాపురంలో మా వీధి ఎంత సన్నమంటే పది అడుగులు వేస్తే అవతలి గుమ్మం వచ్చేస్తుంది. ఆ పది అడుగులు ఆ రోజు ఎంతకీ తరగలేదు.

స్నానం చేయించేటప్పుడు ఆమె ఎడమచెయ్యి నేను పట్టుకున్నాను. చూపుడువేలి గోటి మీద మొన్నటి ఎన్నికల సిరా ఇంకా ఉంది. గోరు పెరిగి ఆ గీత కొంచెం ముందుకు జరిగింది. "అది పోదు పిన్నీ, తోమకు" అంది కోడలు నీళ్ళు పోస్తూ. నేను తోమడం లేదు. ఊరికే చూస్తున్నాను.

అప్పది చేపలు పట్టేవాళ్ళ కుటుంబం. పెనిమిటి పోయాక నెత్తిన గంప పెట్టుకుని వీధివీధీ తిరిగి చేపలమ్మి పిల్లల్ని పెంచింది. మా వారికి పోర్టులో ఉద్యోగం వచ్చి గోదావరి వైపు నుంచి మేము ఇక్కడికి వచ్చినప్పుడు, ఈ ఊళ్ళో నన్ను మొదట పలకరించింది ఆమే. నా పేరు అడిగింది గాని ఎప్పుడూ పిలవలేదు. గోదారమ్మా అనేది. ఆమెదీ మాదీ ఒకే పార్టీ అని తెలిశాక ఆ పిలుపులో ఇంకొంచెం చనువు కలిసింది.

పార్టీలో ఆమెకు ఏ పదవీ లేదు. మీటింగుల్లో వెనక ఎక్కడో నేల మీద కూర్చునేది. కానీ పోలింగు రోజున మా నాలుగు వీధులకీ పార్టీ అంటే అప్పే. ఆ ఒక్కరోజూ చేపలమ్మేది కాదు. రెండు రోజుల ముందే గంపను చింతపండుతో తోమి ఎండలో బోర్లించేది. తెల్లవారకముందే అందులో మనవాళ్ళ ఓటు చీటీలు సర్దుకునేది. చదువు రాదు కదా, కోడలి చేత చీటీలు మడత పెట్టించేది. పొద్దుటి డ్యూటీ వాళ్ళవి ఒక మడత, మధ్యాహ్నం వాళ్ళవి రెండు మడతలు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకునే సి షిఫ్టు వాళ్ళ చీటీలకు మాత్రం ఒక మూల విరిచేది. ఆమె భయమంతా వాళ్ళ గురించే.

"ఎదటోడి ఓటు మనల్ని ఓడించదు గోదారమ్మా. మనోడి నిద్దర ఓడిత్తాది" అనేది.

వేరే పార్టీ వాళ్ళ గుమ్మం ఎక్కి వాదించడం నేను ఎప్పుడూ చూడలేదు. మనవాళ్ళ గుమ్మాలే ఎక్కేది. ఎలాగూ గెలుస్తాం, నా ఒక్కడి ఓటుతో ఏమవుతుందని కూర్చునేవాళ్ళంటే ఆమెకు పట్టరాని కోపం. "జెండా కట్టడానికి నిచ్చినెక్కినావు. ఓటెయ్యడానికి మంచం దిగలేవేటి?" అని కిటికీలోంచి అడిగేది. ఒకసారి ఒకతను దుప్పట్లోంచే, "ఇంత తిరుగుతావు, పార్టీ నీకేటిచ్చింది అప్పా?" అన్నాడు. "సెప్పులరగ్గొట్టింది. ఇంకో జత నానే కొనుక్కున్నాను. లెగు" అంది. అతను నవ్వుతూ లేచాడు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ పొద్దులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మంచులో రిఫైనరీ గొట్టం మీది మంట, రేవులో ఎక్కడో ఓడ కూత, ఆ రెండింటి మధ్య గంప నడుముకు ఆనించుకుని నడిచి వచ్చే అప్ప. ఎంత తోమినా గంపలో చీటీలకు కొంచెం నీచు వాసన ఉండేది. నా చీటీని నేను రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని తీసుకునేదాన్ని. ఆమె అది చూసేది.

ఒక ఎన్నికల సంగతి చెప్పకపోతే ఇది రాసి ప్రయోజనం లేదు.

మా వారికి గుండె ఆపరేషన్ జరిగిన ఏడాది అమ్మవారికి పదకొండు శుక్రవారాలు మొక్కుకున్నాను. పొద్దున వెలిగించిన దీపం సంధ్య దాకా కొండెక్కకూడదు. మా పూజగది కిటికీకి సముద్రం గాలి నేరుగా తగులుతుంది. మూసేస్తే ఆ చిన్న గదిలో ఊపిరాడదు. అందుకని దీపం దగ్గర ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. తొమ్మిదో శుక్రవారమే పోలింగు వచ్చింది. మా వారు పొద్దున్నే ఓటు వేసి డ్యూటీకి వెళ్ళిపోయారు. నేను కదల్లేకపోయాను.

సాయంత్రం నాలుగింటికి అప్ప గుమ్మం ముందు నిలబడింది. "ఏసొచ్చినావా గోదారమ్మా?"

నేను అప్పుడే పసుపు ముద్ద కలుపుతున్నాను. మణికట్ల దాకా పసుపు. ఆ ఎడమచెయ్యి చాచి చూపించి, "వేసొచ్చాను అప్పా" అన్నాను. పసుపు కింద సిరా ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది? "సల్లగుండు" అని ఆమె పక్కింటికి వెళ్ళిపోయింది.

ఆ ఎన్నికల్లో మా వార్డులో మనవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఓట్లతో ఓడిపోయారు. ఆ వేళ్ళలో ఒకటి నాది. రెండు రోజులు దేవుడి ముందు కూర్చోలేకపోయాను. మూడో రోజు వీధి దాటి వెళ్ళి చెప్పేశాను. అప్ప చాప మీద ఎండుచేపలు తిరగేస్తోంది. తల ఎత్తలేదు.

"నాకు తెలుసు. ఓటేసినోల్లు ఏలు సూపిత్తారు. నువ్వు సెయ్యంతా సూపినావు."

ఇంకో చేప తిరగేసి మళ్ళీ ఆమే అంది. "దీపం నాను సూత్తును కదా. ఒక్క మాట అడక్కపోనావా?"

ఎందుకు అడగలేదో నాకు తెలుసు. చేపలు పట్టిన చేతులు పూజగదిలోకి వస్తాయని అడగలేదు. ఆమెకూ తెలిసిందనుకుంటాను. ఒకసారి తన చేతులు చూసుకుని కొంగుకు తుడుచుకుంది. "సర్లే, ఎండ ఎలిపోతంది" అని మళ్ళీ చేపల మీదకు వంగింది. ఆ మాట మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. తర్వాతి ఎన్నికలన్నిటికీ నేను పొద్దున్నే వెళ్ళి ఓటు వేసి, వచ్చి ఆమెకు వేలు చూపించేదాన్ని. కానీ ఆమె గుమ్మం బయటే నిలబడేది. నేనూ లోపలికి రమ్మనలేదు. ఓటు తప్పు దిద్దుకున్నాను. రెండోది దిద్దుకోలేదు.

ఈ ఏడు పోలింగు మళ్ళీ శుక్రవారం పడింది. మొక్కు ఎప్పుడో తీరినా నేను శుక్రవారం దీపం మానలేదు. అప్పకు అప్పటికే కాళ్ళకు నీరు పట్టి ఆయాసం. ఏడింటికే ఇద్దరం ఆటోలో వెళ్ళి ఓటు వేసి వచ్చాం. తిరిగి వచ్చాక నేను దీపం వెలిగించి చూసేసరికి ఆమె గంప ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ గుమ్మంలో కూర్చుంది. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. కోడలు బూత్‌లో ఏజెంటుగా ఉంది. "ఈటినెవులు అట్టుకెల్తారు? సి షిఫ్టోల్లంతా తొంగున్నారు" అంది నీరసంగా, చీటీలు సర్దుతూ.

నేను ఎవరి తలుపూ తట్టినదాన్ని కాదు. గట్టిగా మాట్లాడటమూ రాదు. అయినా, "నేను వెళతాను అప్పా. నా దీపం నువ్వు చూడు" అన్నాను.

ఆమె రెండు చేతులూ తెరిచి నాకు చూపించింది. "నా సేతులు నీసాసనే గోదారమ్మా."

"చీటీలూ ఆ వాసనేగా. వాటిని చంకన పెట్టుకునే కదా తిరగబోతున్నాను. లే."

చెయ్యి పట్టుకుని వీధి దాటించి, పూజగదిలో పీట వేసి గోడకు ఆనించి కూర్చోబెట్టాను. గదంతా ఒకసారి కలయజూసింది. తర్వాత నాకు పాఠం చెప్పింది. "నీ గొంతుకి ఎవులూ లెగరు. తలుపు కొట్టకు. గొళ్ళెం ఆడించు. ఆ సప్పుడు ఆగదని తెలిత్తే ఆల్లే లేత్తారు."

అలాగే చేశాను. మూడో ఇంట్లో అతను కళ్ళు నులుముకుంటూ వచ్చి, "ఈయేల అప్ప రాలేదేటి పిన్నీ?" అన్నాడు.

"అప్ప మా ఇంట్లో దీపం దగ్గర కూర్చుంది. మీరంతా ఓటు వేసేదాకా లేవనంది."

"అయితే ఎల్లాల్సిందే. లేపోతే రేప్పొద్దున్న కుళ్ళిన సేపలేత్తాది" అని చొక్కా కోసం లోపలికి వెళ్ళాడు.

సాయంత్రానికి గంపలో ఒకే ఒక్క చీటీ మిగిలింది. పద్మనాభం ఊళ్ళో పెళ్ళికని వెళ్ళి రానివాళ్ళది. ఇంటికి వచ్చి గంప చూపించాను. "అది ఇలాగియ్యి. ఆల్లొచ్చాక మొకాన పెడతాను" అని తీసుకుని బొడ్డులో దోపుకుంది. గెలుస్తామా ఓడతామా అని అడగలేదు. తన పని అక్కడితో అయిపోయినట్టు మళ్ళీ దీపం వైపు తిరిగింది.

అప్పుడే గాలి లేచింది. "తలుపు జేరెయ్యి, గాలొత్తంది" అంటూ ఎడమచెయ్యి గిన్నెలా వంచి ఒత్తి పక్కన అడ్డం పెట్టింది. వేళ్ళ సందుల్లోంచి వెలుగు వచ్చి ఆ వేళ్ళు ఎర్రగా కనపడ్డాయి. ఆ ఎరుపులో గోటి మీద తడి ఆరిన నల్లటి గీత. నేను తలుపు వేసి గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

ఇప్పుడు శుక్రవారం దీపం పెట్టాక ఆ పీట కిటికీ వైపు వేసే ఉంచుతున్నాను. సముద్రం గాలి వచ్చినప్పుడు ఒత్తి ఒకసారి వంగుతుంది. కాసేపు అలాగే ఉండి, మళ్ళీ నిలబడుతుంది.