తడిచీరతో తిరిగింది ఎవరు?

నా పేరు మునెమ్మ. వయసు డెబ్బై దాటింది. కుప్పం పక్క పల్లెలో కొడుకు, కోడలితో ఉంటాను. చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది.

మొన్న పుంగనూరులో నా అల్లుడి మేనత్త, నేను వదినా అని పిలిచే మనిషి, చనిపోయింది. ఆమె నోట బియ్యం వేయడానికి నా మనవరాలు ముందుకు వెళితే మా వియ్యంకుడు దాని చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

"గొడ్రాలికాడ నీకేం పని? నా మొక్కుకు పుట్టిన బిడ్డవు నువ్వు!"

చచ్చిన చెల్లెలి ముందర అన్న అనే మాటా అది? ఆమెకు పిల్లలు లేరని మొగుడు ఈ అన్న ఇంటికే వెళ్లగొట్టి ఇంకొకతెను తెచ్చుకున్నాడు. ఆ రెండోదానికీ కడుపు పండలేదు. అయినా గొడ్రాలన్న పేరు ఈమెకే ఉంచారు ఆ పెద్దమనుషులు.

ఈ మనవరాలు పుట్టకముందు, నా కూతురికి పెళ్లై ఏళ్లు గడిచినా బిడ్డలు కలగలేదు. వియ్యంకుడికి పుంగనూరులో బట్టల అంగడి ఉంది, దానికి మించిన నోరూ ఉంది. నెలనెలా తలకు పోసుకోగానే నా కూతురు కుప్పం వచ్చి, మా ఊరి అమ్మవారి చుట్టూ తడిచీరతో రెండు వారాలు తిరగాలని, మొగుడు దాన్ని తాకకూడదని మొక్కు పెట్టాడు. ఉగాదిదాకా చూసి కొడుక్కి ఇంకో పిల్లను తెస్తానన్నాడు.

కళ్లు మసకలని సాకు చెప్పి వదిన నా కూతురిని వెంటబెట్టుకుని మదనపల్లెలో లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ అడిగినదానికి పిల్ల తల వంచుకుంటే, సిగ్గుపడకుండా వదినే అన్నీ చెప్పింది. రెండు ముట్లకు నడుమ రోజుల్లోనే బిడ్డ నిలిచే వీలు ఎక్కువనీ, ఆ రోజుల్లోనే వీళ్లను విడదీస్తున్నారనీ డాక్టరమ్మ చెప్పింది. మొగుడికీ పరీక్ష చేయాలంది, సిగరెట్లు మానమంది. అల్లుడు మదనపల్లె టమోటా మండీలో గుమాస్తా, అక్కడే గది. తండ్రికి చెప్పకుండా రెండూ చేశాడు. లోపమేమీ లేదన్నారు.

మరుసటి నెల, మొక్కుకు తోడు పోతానని అన్నకు చెప్పి బయలుదేరిన వదిన, పుంగనూరు బస్టాండులో నా కూతురి చేతిలోని సంచి లాక్కుంది.

"నువ్వు మదనపల్లె బస్సెక్కు పాపా. కుప్పానికి నేను పోతాండాను."

"మామకు తెలిస్తే, అత్తా?"

"పదునుండేటప్పుడు ఇత్తనం ఏయనీకుండా, మొలకెత్తలేదని చేన్ని తిట్టే మనిషి మీ మామ. ఆయప్పకేం తెలుస్తాది?"

ఆమె ఒక్కతే మా గడప తొక్కగానే నేను వీధిలోకి తొంగి చూశాను.

"పాప యాడ వదినా?"

"దాని మొగుడికాడ ఉండాది. ఉండాల్సిన చోటే ఉండాది. మొక్కు పోకూడదు కదా, నేను తిరుగుతా."

వియ్యంకుడు ఎస్టీడీ అంగడికి ఫోన్ చేసి నన్ను పిలిపించాడు.

"పిల్ల తిరుగుతాండాదా?"

"తిరుగుతాండాది. కాళ్లు బొబ్బలెక్కినాయి పో!"

ఎవరి కాళ్లో ఆయన అడగలేదు.

ఆమె అట్లా నెల తప్పకుండా వచ్చింది. ఉగాదికి ముందే నా కూతురు నెల తప్పింది. సీమంతానికి మాత్రం వదినను వంటింటి వెనక పప్పు రుబ్బమని కూర్చోబెట్టారు. వియ్యంకుడు గుడికి గంట కట్టించి దాని మీద తన పేరు చెక్కించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. వదిన నవ్వింది.

"కొట్టుకోనీలే వదినా, శబ్దం బాగుండాది."

అన్న ఇంట్లో ఆమెకు నీడ పోతుందనే ఇన్నాళ్లూ ఊరుకున్నాను. కర్మాంతరం నాడు ఆమె పటం ముందు నా మనవరాలే దీపం పెట్టాలి. అడ్డం వస్తే ఈ కాగితం పదిమందిలో చదివిస్తాను. ఆ గంట ఎవరి కాళ్ల పుణ్యమో ఊరంతా వినాలి.

మా అరుగు మీంచి గుడి కనబడుతుంది. తడిచీర కాళ్లకు చుట్టుకుంటుంటే ఆమె అక్కడ మూల దగ్గర ఆగి, నడుము పట్టుకుని, నన్ను అడిగేది:

"పాప ఈపాటికి అన్నం తినుంటాదా వదినా?"

మునెమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: ఎస్టీడీ అంగడి రామప్ప, గుడి ఊడ్చే గంగులమ్మ.